సరదా చెరువు కట్ట, దాని కింద పడుకునే మనుషులు

పోయిన ఎపిసోడ్‌లో మట్టి డ్యామ్‌ల గురించి మాట్లాడినప్పుడు మస్కట్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, పెద్ద ప్రాజెక్టు తెగితే భయపడాలె గానీ, బోటింగ్‌కి ఉంచిన చిన్న చెరువు తెగితే ఏమైతది? మోకాళ్ల దాకా నీళ్లొస్తయి, తెల్లారేసరికి ఇంకిపోతయి" అన్నాడు. మంచి ప్రశ్న. మాట్లాడే టైమ్‌లో దీనికి జవాబు పట్టదు కాబట్టి రాస్తున్నాను. నేను ఇంజినీర్ని కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, ఇరవై ఏళ్లుగా గల్ఫ్‌లో ఎర్త్‌వర్క్, డ్రైనేజీ సైట్లలో పని చేస్తున్నవాణ్ణి. డిజైన్ లెక్కల జోలికి పోను. కట్టను కంటితో ఎలా చూడాలో చెప్తాను.

ముందు నిజంగా జరిగిన ఒక కేసు. అమెరికాలో జార్జియా రాష్ట్రం, టొకోవా అనే ఊరు. అక్కడ టొకోవా వాగు మీద కెల్లీ బార్న్స్ డ్యామ్ అని ఒకటి ఉండేది. 1899లో చిన్న కరెంటు ప్లాంటు కోసం దుంగలు, రాళ్లు పేర్చి అడ్డుకట్ట వేశారు. 1930ల చివర్లో అక్కడి బైబిల్ కాలేజీ వాళ్లు ఆ పాత కట్టడం మీదనే మట్టి పోసి ఎత్తు పెంచారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంకొంచెం పెంచారు. చివరికి కట్ట ఎత్తు సుమారు 40 అడుగులు, పొడవు 400 అడుగులు, చెరువు 40 ఎకరాలు అయ్యింది. 1957లో కరెంటు తీయడం ఆపేశారు. అప్పటి నుంచి ఆ చెరువు ఉన్నది ఒక్క సరదా కోసమే.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. కరెంటు తీసినన్నాళ్లు ఎవరో ఒకరు రోజూ వాల్వు దగ్గరికి, పైపు దగ్గరికి పోతారు. పని కోసం పోయినా కట్ట కంట్లో పడతది. మన ఊళ్లలో చెరువుకి నీరడి ఉండేవాడు. తూము ఎత్తేది ఆయనే, దించేది ఆయనే. కట్ట మీద ఎక్కడ ఎండ్రకాయ బొక్క పెట్టిందో, ఎక్కడ తడి కనబడుతున్నదో ఆయనకు తెలిసేది. కింద పొలం ఉన్న ప్రతి రైతుకీ ఆ చెరువు మీద ఒక కన్ను ఉండేది. సరదా చెరువుకి అట్ల కన్ను వేసేవాడు ఉండడు. వచ్చినోళ్లంతా నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చుంటారు, ఫొటోలు దిగుతారు, పోతారు. కట్టకి జబ్బు బయటపడేది మాత్రం వెనక వైపు.

1977 నవంబర్ మొదటి వారం టొకోవాలో నాలుగు రోజులు వానలు. 5వ తేదీ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఇంకా గట్టిగా పడ్డది. 6వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నరకి కట్ట తెగింది. ఒక్కసారిగా సుమారు 24,000 క్యూసెక్కుల నీళ్లు వాగులోకి దుంకాయి. కింద 186 అడుగుల జలపాతం ఉంది, దాని మీది నుంచి పడి ఆ నీళ్లు కాలేజీ క్యాంపస్‌లోకి వచ్చాయి. 9 ఇళ్లు, 18 ట్రైలర్ ఇళ్లు, 2 కాలేజీ బిల్డింగులు కొట్టుకుపోయాయి. 39 మంది చనిపోయారు. అందులో చిన్న పిల్లలు కూడా ఉన్నారు.

ట్రైలర్ ఇల్లు అంటే ఏందో గల్ఫ్‌లో ఉన్నోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన పోర్టా క్యాబిన్ లాంటిదే. పునాది ఉండదు, దిమ్మెల మీద కూర్చోబెడతారు. నీళ్లు నడుము ఎత్తు వచ్చేసరికి తేలడం మొదలుపెడతది, ఆ తర్వాత అది ఇల్లు కాదు. ఎవరికి పక్కా ఇల్లు లేదో, ఎవరికి చవక జాగా దొరికిందో వాళ్లే వాగు పక్కన పడుకుంటారు. ఇది జార్జియా ఒక్కదాని సంగతి కాదు.

ఇప్పుడు తమ్ముడి లెక్కకి వద్దాం. ఆ చెరువులో తెగిన రోజు ఉన్న నీళ్లు సుమారు 630 ఎకరా అడుగులు. మన ప్రాజెక్టుల భాషలో చెప్పాలంటే ఒక టీఎంసీలో ముప్పై ఐదో వంతు కూడా లేదు. పేపర్లో "ఇన్‌ఫ్లో ఇన్ని వేలు" అని చదివే మనకి ఇది లెక్కలోకి రాని నీళ్లు. ఇవే నీళ్లు తూము గుండా నెల రోజులు పారితే ఎవరికీ ఏమీ కాదు. నిమిషాల్లో పారినందుకే మనుషులు పోయారు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను బరువు. అట్లాంటివి సెకనుకి ఆరేడు వందలు, చెట్లని, కార్లని కలుపుకుని, ఇరుకు వాగులో వచ్చాయి. చెరువు ఎంత పెద్దది అన్నది సగం ప్రశ్నే. నీళ్లు ఎంత ఎత్తున నిలబడ్డాయి, దాని కింద ఎంత దూరంలో మనుషులు పడుకున్నారు అన్నది మిగతా సగం.

ఎందుకు తెగింది? ఫెడరల్ ప్రభుత్వం వేసిన దర్యాప్తు బోర్డు ఒక్కటే కారణం అని తేల్చలేదు. ఎక్కువగా జరిగి ఉండేది ఇదీ అన్నది: నిట్టనిలువుగా ఉన్న వెనక వాలు నీళ్లు పీల్చుకుని ఒక చోట జారింది, దాంతోపాటు లోపల బుంగ పడి ఉండొచ్చు, కట్ట పైభాగంలో చిన్న గండి పడ్డది, నీళ్లు దాన్ని కోసుకుంటూ పోయాయి, చివరికి మొత్తం కూలింది. ఇంకో మాట కూడా ఉంది. 1973లో తీసిన ఒక ఫొటోలో అదే వెనక వాలు మీద మట్టి జారినట్టు స్పష్టంగా కనిపించింది, 12 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పు. అంటే కట్ట నాలుగేళ్ల ముందే చెప్పింది.

వాలు సంగతి సైట్లో పనిచేసినోళ్లకి తొందరగా అర్థమైతది. టిప్పర్ దించిన పొడి ఇసుక కుప్పని చూడండి. దానంతట అది ముప్పై, ముప్పై ఐదు డిగ్రీల దగ్గర ఆగుతది. కెల్లీ బార్న్స్ వెనక వాలు దాదాపు ఒకటికి ఒకటి, అంటే 45 డిగ్రీలు. ఎండినప్పుడు మట్టి నిలబడతది, తడిసినప్పుడు ఆ పట్టు వదిలేస్తది. మామూలుగా మట్టి కట్టకి వెనక వైపు ఒక అడుగు ఎత్తుకి రెండు, రెండున్నర అడుగుల వాలు ఇస్తారు. నీళ్ల వైపు ఇంకొంచెం ఎక్కువ. మీరు చూసే కట్ట వెనక వైపు చేతులు ఆనించకుండా ఎక్కలేకపోతున్నారంటే అది నిట్రంగా ఉన్నట్టే.

మట్టిని పేర్చిన పద్ధతి కూడా అంతే ముఖ్యం, కానీ అది కట్టాక కంటికి కనబడదు. సరిగ్గా కట్టిన కట్టలో మట్టిని జానెడు, జానెడున్నర మందం లేయర్లుగా పరిచి, తగినంత తడి పెట్టి, రోలర్ తిప్పి, ప్రతి లేయరుకీ డెన్సిటీ టెస్ట్ చేస్తారు. ప్రాక్టర్ టెస్టులో వచ్చిన దానికి 95 శాతం రాకపోతే ఆ లేయర్ లేపాల్సిందే. పాత చిన్న కట్టలు చాలావరకు ఇట్ల కట్టినవి కావు. ఒకసారి బండ్ల మీద తెచ్చి పోసింది, ఇంకోసారి బుల్డోజర్‌తో నెట్టింది, మధ్యలో పాత కట్టడం. రెండు రకాల మట్టి కలిసే చోట, మట్టి రాయిని ఆనుకునే చోట నీళ్లు దారి వెతుక్కుంటాయి.

ఇక ఊట. మట్టి కట్ట అన్నాక ఎంతో కొంత ఊరుతది, ఊరడమే తప్పు కాదు. ఊరే నీళ్లు తేటగా ఉన్నాయా, మురికిగా ఉన్నాయా అన్నది చూడాలి. తేటగా, రోజూ ఒకే లెక్కన వస్తుంటే కట్ట నీళ్లనే వదులుతున్నది. రంగు మారిందంటే నీళ్లతో పాటు తన మట్టిని కూడా వదులుతున్నది. లోపల పెన్సిల్ అంత దారి, తర్వాత చెయ్యి పట్టేంత దారి, తర్వాత మనిషి పట్టేంత దారి. దీన్నే మన పేపర్లలో బుంగ అని రాస్తారు. మొదటి దశ నెలల తరబడి సాగొచ్చు, చివరి దశ గంటల్లో అయిపోతది.

కట్ట అడుగున గడ్డి ఒక్క చోటే పచ్చగా ఉండటం, ఎండాకాలంలో కూడా చిత్తడిగా ఉండటం, తుంగ మొలవడం, చిన్న బుగ్గలా నీళ్లు పైకి తన్నుతూ చుట్టూ ఇసుక గుండ్రంగా చేరడం, ఇవన్నీ చూసి చెప్పాల్సినవే. ఆ ఇసుక బుగ్గ మాత్రం వెంటనే చెప్పాల్సింది. దాన్ని బంకమట్టితోనో సిమెంటుతోనో మూసెయ్యాలని ఎవరికైనా అనిపిస్తది. మూస్తే నీళ్ల ఒత్తిడి పోదు, పక్కన ఇంకో చోట తన్నుతది. తెలిసినోళ్లు దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీళ్లు కొంచెం ఎత్తు నిలబడేట్టు చేస్తారు, లేదంటే ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద లావు కంకర వేస్తారు. నీళ్లు పోనిచ్చి, మట్టిని ఆపడం అన్నమాట. ఇది కూడా ఇంజినీర్ వచ్చేదాకా చేసే పనే.

చెట్ల గురించి చెప్తే మనోళ్లు ఒప్పుకోరు. కట్ట మీద చెట్టుంటే వేర్లు మట్టిని పట్టుకుంటాయి కదా అంటారు. బతికున్నన్నాళ్లు కొంత నిజమే కావచ్చు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిపోయి ఆ జాగాలో గొట్టం మిగులుతది. గాలివానకి పెద్ద చెట్టు పడిపోతే కట్టలోంచి ఒక గది అంత మట్టిని లేపుకుని పోతది. కెల్లీ బార్న్స్ వెనక వాలు మీద కూడా చెట్లు పెరిగి ఉన్నాయి. మన దగ్గర సర్కారు తుమ్మ ఇదే పని చేస్తది, పైగా అది కమ్ముకుంటే వెనక వాలు అసలు కనబడదు, కనబడనిది ఎవరూ చూడరు. పందికొక్కులు, ఎండ్రకాయలు ఆ నీడనే ఎంచుకుంటాయి. అట్లని పెద్ద చెట్టుని జేసీబీతో పీకితే ఇంకా నష్టం. నీళ్లు దించి, వేర్లతో సహా తవ్వి, ఆ గుంతని మళ్లీ లేయర్లుగా నింపి దిమ్మిస కొట్టాలి. గడ్డి ఒక్కటే కట్టకి మంచిది. గొర్రెలు మేస్తే ఇంకా మంచిది.

మత్తడి విషయంలో అన్నిటికన్నా పెద్ద పాఠం కూడా అమెరికాదే, అదీ ఒక సరదా చెరువుదే. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్, 72 అడుగుల మట్టి కట్ట. ధనవంతుల క్లబ్బొకటి దాన్ని చేపల వేట కోసం, పడవల కోసం కొనుక్కున్నది. ఉక్కు వ్యాపారి కార్నెగీ కూడా అందులో సభ్యుడు. అంతకుముందు ఉన్న యజమాని కట్ట కింద నీళ్లు వదిలే ఇనుప పైపుల్ని పీకి తుక్కుకి అమ్ముకున్నాడు. క్లబ్బు వాళ్లు వాటిని మళ్లీ వెయ్యలేదు. బండ్లు పోవడానికి కట్ట పైభాగం కొంచెం తగ్గించారు. చేపలు బయటికి పోకుండా మత్తడికి ఇనుప జాలి కట్టారు. 1889 మే 31న భారీ వానకి ఆ జాలికి చెత్త పట్టేసింది, నీళ్లు కట్ట మీది నుంచి పారాయి. మట్టి కట్ట మీది నుంచి నీళ్లు పారితే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. 14 మైళ్ల కింద ఉన్న జాన్స్‌టౌన్ కొట్టుకుపోయి 2,209 మంది చనిపోయారు.

మత్తడికి జాలి కట్టడం మనకి కొత్త కాదు. చేపల కాంట్రాక్టు తీసుకున్నోళ్లు కడతారు. పొలాలకి ఇంకో తడి వస్తదని మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చే ఊళ్లు కూడా ఉన్నాయి. మత్తడి దుంకుతుంటే పండగ లాగా పోయి చూస్తాం, కట్ట మైసమ్మకి మొక్కుతాం. ఆ దుంకే జాగా చిన్నదైతే ఏమైతదో మాత్రం మాట్లాడుకోం. గేట్లు ఉన్నచోట గేటు లేవడం కూడా ఇంతే. కువైట్‌లో ఉన్న రాజంపేట తమ్ముళ్లకి 2021 నవంబర్ 19 గుర్తుంటది. అన్నమయ్య ప్రాజెక్టుకి వరద వచ్చినప్పుడు ఒక గేటు పనిచెయ్యలేదు, మట్టి కట్ట కొట్టుకుపోయింది, చెయ్యేరు పక్కన పులపుత్తూరు, మందపల్లి ఏమయ్యాయో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకొక మాట తేడా తెలుసుకోవాలి. అమెరికాలో డ్యామ్ రికార్డు చూస్తే ప్రమాద స్థాయి అని ఒకటి, కండిషన్ అని ఇంకొకటి ఉంటాయి. ప్రమాద స్థాయి ఎక్కువ అంటే డ్యామ్ పాడైందని కాదు, తెగితే కింద మనుషులు చనిపోతారు అని. కండిషన్ అంటే ఇప్పుడు కట్ట ఎట్లుందో. డల్లాస్, అట్లాంటా వైపు ఇల్లు కొనుక్కున్న మనోళ్లు చాలామంది "లేక్ వ్యూ" అని ఎక్కువ డబ్బు పెడతారు. ఆ చెరువు కట్ట ఎవరిది, కండిషన్ రేటింగ్ ఏంది, రిపేర్ ఖర్చు ఇంటి యజమానుల సంఘం మీద పడతదా అని అడిగినోళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఆ దేశంలో లెక్కలో ఉన్న 90 వేలకు పైగా డ్యామ్‌లలో సగం కంటే ఎక్కువ ప్రైవేటు వాళ్లవే. టొకోవా తర్వాత ప్రెసిడెంట్ కార్టర్, ఆయనది జార్జియానే, ప్రమాద స్థాయి ఎక్కువున్న ప్రైవేటు, రాష్ట్ర డ్యామ్‌లని ఆర్మీ ఇంజినీర్లతో చూపించాడు. నాలుగేళ్లలో సుమారు 8,800 చూస్తే దాదాపు మూడో వంతు సురక్షితం కాదని తేలింది. ఇట్ల తనిఖీ చెయ్యాలని చట్టం 1972లోనే ఉంది, డబ్బులు పెట్టలేదు.

మన దేశంలో డ్యామ్ సేఫ్టీ చట్టం 2021లో వచ్చింది. అది 15 మీటర్లు దాటిన డ్యామ్‌లకి వర్తిస్తది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే కట్ట పొడవు 500 మీటర్లు, లేదంటే నిల్వ పది లక్షల ఘనపు మీటర్లు, ఇట్లాంటి షరతుల్లో ఒకటైనా ఉండాలి. కెల్లీ బార్న్స్ ఎత్తు 12, 13 మీటర్లు, పొడవు 120 మీటర్లు, నిల్వ ఎనిమిది లక్షల లోపు. అంటే 39 మందిని మింగిన డ్యామ్ పొడవు లెక్కనా, నిల్వ లెక్కనా మన చట్టంలోకి రాదు. మన ఊరి కుంటలు, రిసార్టుల వెనక చెరువులు ఎక్కడుంటాయో మీరే చూసుకోండి.

కాబట్టి వాటిని రోజూ చూసేది ఇంజినీర్ కాదు, మాలి, వాచ్‌మన్, క్లీనింగ్ చేసే మనిషి. నేను పనిచేసిన ఒక విల్లా కమ్యూనిటీలో నాలుగు మీటర్ల కట్ట వెనక లాన్ ఉండేది, ఇవతల బోటింగ్ చెరువు. లాన్ చూసుకునే కామారెడ్డి తమ్ముడు ఒక చోట స్ప్రింక్లర్ బంద్ చేసి రెండు రోజులైనా బూటు దిగబడుతున్నదని చెప్పాడు. వాళ్ల ఫోర్‌మన్ ఏసీ నీళ్లు అని కొట్టిపారేశాడట. మెస్‌లో నాకు చెప్పాడు. ఇద్దరం పోయి చిన్న కాలువ తీసి, ఆ నీళ్లు ఖాళీ వాటర్ బాటిల్లో పట్టి నీడలో పెట్టాం. రెండు గంటలకి అడుగున సన్న ఇసుక చేరింది. ఆ బాటిల్ తీసుకుపోయి కన్సల్టెంట్ టేబుల్ మీద పెట్టాను. చెరువు నీళ్లు మెల్లగా దించి తవ్వితే, కట్టలోంచి పోయే ఇరిగేషన్ పైపు చుట్టూ చెయ్యి దూరేంత సందు ఉంది, లైనర్ అక్కడే చిరిగింది. పైపు పోయే ప్రతి కట్టలోనూ ముందు చూడాల్సింది ఆ పైపు చుట్టూరానే. రిపేర్ అయ్యింది. తమ్ముడికి మాత్రం కంపెనీ నుంచి థాంక్స్ కూడా రాలేదు.

మెల్లగా దించడం అన్నాను కదా, అదీ ఊరికే కాదు. భయపడి వాల్వు పూర్తిగా తెరిస్తే నీళ్ల వైపు వాలు, లోపల తడితో బరువుగా ఉండి, ఆనుకునే నీళ్లు పోయాక జారిపోతది. రోజుకి అడుగు లోపు దించడం మామూలు పద్ధతి. కట్ట తెగబోతున్నదన్నప్పుడు సంగతి వేరు, అప్పుడు ఇంజినీర్ చెప్పిందే లెక్క.

మీరు ఏదైనా చూస్తే ఫొటోలో పక్కన హెల్మెట్టో, బాటిలో పెట్టి తీయండి, సైజు తెలుస్తది. పగులు రెండు చివర్లా మేకు కొట్టి తేదీ రాయండి, రేపు అదే చోట నుంచి మళ్లీ తీయండి. మాటతో చెప్తే పోతది, వాట్సాప్‌లో ఫొటో, తేదీ ఉంటే పోదు. మన ఊళ్లో అయితే ఇరిగేషన్ ఏఈకి, తహసీల్దార్‌కి ఇంట్లోవాళ్లతో చెప్పించండి. నీళ్లు మురికిగా వస్తున్నాయి, లేదా కట్ట జారుతున్నది అంటే ఫొటోల కోసం ఆగొద్దు. కింద ఉన్నోళ్లని లేపాలి, వాగు వెంట కిందికి కాకుండా పక్కకి, మెట్ట వైపు నడిపించాలి, వస్తువుల కోసం వెనక్కి పోనివ్వొద్దు. ఇండియాలో, కువైట్‌లో 112, యూఏఈలో పోలీస్ 999, సివిల్ డిఫెన్స్ 997, ఖతార్, బహ్రెయిన్‌లో 999, ఒమాన్‌లో 9999, అమెరికాలో 911.

వాన రోజు వాదీల దగ్గరికి, డ్యామ్‌ల దగ్గరికి రీల్స్ కోసం పోయే తమ్ముళ్లకి ఒక సమాచారం. యూఏఈలో 2023లో పెట్టిన రూల్ ప్రకారం వాన టైమ్‌లో లోయలు, డ్యామ్‌ల దగ్గర గుమిగూడితే 1,000 దిర్హమ్‌లు, 6 బ్లాక్ పాయింట్లు. నీళ్లు పారుతున్న వాదీలోకి బండి దించితే 2,000 దిర్హమ్‌లు, 23 పాయింట్లు, బండి 60 రోజులు సీజ్ అని ఆ 2023 రూల్‌లో ఉండేది. కంపెనీ బండి అయినా పాయింట్లు పడేది నడిపినోడి లైసెన్స్ మీదనే.